తలుపులు తట్టిన రెండేళ్ళు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు అడిగితే, కవిత్వం నాకు రాదన్నాను. "కవిత్వం ఎవరడిగారు? ఇంగ్లండులో రెండేళ్ళు ఏం వెలగబెట్టావో అది వ్రాయి" అన్నారు. వాళ్ళు అడగడంలో న్యాయం ఉంది. మా క్లాసులో అందరికంటే నేను రెండేళ్ళు పెద్దవాణ్ణి. చదువుకోడానికి వెళ్ళాడనీ, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టాడనీ, వీసా అయిపోతే తిరిగొచ్చాడనీ హాస్టల్లో రకరకాలుగా చెప్పుకుంటారు. అవేవీ కావు. 2022 నుంచి 2024 దాకా నేను అక్కడ మతప్రచారకుణ్ణి. జీతం లేని ఉద్యోగం. ఇల్లిల్లూ తిరిగి తలుపులు తట్టడమే పని.

మాది మోర్మన్ల సంఘం. అసలు పేరు పొడుగు: యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. బైబిలుతోబాటు మోర్మన్ గ్రంథాన్ని కూడా మేము లేఖనంగా చదువుతాం. టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టం. బహుభార్యాత్వం సంగతేమిటని అడగబోయేవారికి ముందే మనవి: 1890లో సంఘం దాన్ని మానుకొంటున్నట్లు ప్రకటించింది, ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే సభ్యత్వం పోతుంది. పద్దెనిమిదేళ్ళు నిండిన కుర్రవాడు రెండేళ్ళపాటు మిషనరీగా వెళ్ళాలని సంఘం ఆశిస్తుంది. ఎక్కడికన్నది మనం కోరుకునేది కాదు. కబురు వస్తుంది, పెట్టె సర్దుకోవాలి. నాకు ఇంగ్లండు ఉత్తర భాగం వచ్చింది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. మా తాతముత్తాతలది ఒంగోలు ప్రాంతం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడ పనిచేసిన రోజుల్లో, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరి బయట బ్రతికిన మాదిగలే వారిలో ఎక్కువమంది. మా పూర్వీకుడొకడు ఆ గుంపులో ఉన్నాడని నాయనమ్మ చెప్పేది. గుంపులో ఉన్నాడో లేడో గాని, ఆ తర్వాత మా ఇంట్లో పిల్లలు బడికి మాత్రం వెళ్ళారు. తాతగారి కాలంలో మావాళ్ళు హైదరాబాదు చేరారు. ఎడ్విన్ ధర్మరాజు అనే తెలుగు శాస్త్రవేత్త సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ మోర్మన్ సంఘంలో చేరి, 1978 డిసెంబరులో భార్యతో హైదరాబాదు వచ్చారు. అప్పుడు వారి బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు మా నాన్న ఈ సంఘంలో చేరాడు. అంటే, దొరలు మన ఊళ్ళకొచ్చి తలుపు తట్టిన నూటయాభై చిల్లర ఏళ్ళకు మన కుర్రవాడొకడు తెల్లవాళ్ళ ఊళ్ళకు పోయి తలుపు తట్టాడన్నమాట!

నేను ఎక్కువకాలం ఉన్నది ప్రెస్టన్‌లో. ఒకప్పుడు నూలు మిల్లుల పట్టణం. మా సంఘం అమెరికా ఖండం దాటి మొట్టమొదట వచ్చింది ఇక్కడికే. 1837 జూలై 30న రిబుల్ నదిలో తొమ్మిదిమంది బాప్తిస్మం తీసుకున్నారు. నది ఒడ్డున చక్కటి పార్కు ఉంది. ఎండ కాసిన రోజున అందులో కూర్చోవాలి. నేనున్నంతకాలం అటువంటి రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

దినచర్య చెబుతాను. ఆరున్నరకు లేవాలి. అరగంట కసరత్తు. స్నానం, ఫలహారం, తర్వాత లేఖన పఠనం, ప్రార్థన. పది గంటలకల్లా వీధిలో ఉండాలి. తెల్లచొక్కా, టై, జేబుమీద నల్లని పేరుబిళ్ళ. రాత్రి తొమ్మిది దాటాక బస చేరడం, పదిన్నరకు దీపం ఆర్పడం. సినిమా లేదు, టీవీ లేదు. మిషనరీలెప్పుడూ జంటగానే ఉండాలి. ఒకరి కంటికి ఒకరు కనబడుతూండాలి. ఆరు వారాలకొకసారి బదిలీలు. మమ్మల్ని 'ఎల్డర్' అని పిలుస్తారు. ఎల్డర్ అంటే పెద్ద. మీసాలు సరిగ్గా రాకముందే పెద్దలమైపోయాం.

సోమవారం మాకు ఆటవిడుపు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఫోను. 2019 ఫిబ్రవరికి ముందు వెళ్ళినవాళ్ళకు ఏడాదికి రెండుసార్లే ఫోను. మా కాలానికి వారానికొకసారి అయింది. అమ్మ ప్రతి సోమవారం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అన్నం తిన్నావురా?" కందిపప్పు, చింతపండు గుజరాతీల కొట్లో దొరికేవి. ప్రెస్టన్‌లో గుజరాతీ కుటుంబాలు చాలా ఉన్నాయి. 2023 నవంబరులో ప్రపంచకప్పు ఫైనల్లో మనం ఓడిపోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు సోమవారం ఆ కొట్టాయన మొహం చూసి తెలుసుకున్నాను.

ఇక తలుపుల సంగతి. వంద తలుపులు తడితే తొంభై తెరుచుకోవు. తెరిచినవాళ్ళలో చాలామంది మర్యాదగానే "వద్దు బాబూ" అంటారు. ఒకాయన కుక్కను ఉసిగొల్పాడు. మరొకాయన "మీ దేశంలో పేదలు లేరా, ఇక్కడికెందుకొచ్చావు?" అన్నాడు. జాలిపడి లోపలికి రమ్మన్నవారితో ఇంకో చిక్కు. కూర్చోగానే టీ పెడతారు. ఇంగ్లీషువాళ్ళ ఇంట్లో టీ వద్దనడం, మన ఇంట్లో పెళ్ళిభోజనానికొచ్చి విస్తరి ముందు నుంచి లేచిపోవడంతో సమానం. భార్య పోయిన గుజరాతీ ముసలాయన ఒకరు మాత్రం మా కోసం వేడి పాలల్లో ఏలకులు వేసి ఇచ్చేవారు. "మీ పుస్తకం నాకు వద్దు, నా రాముడు నాకున్నాడు. వారానికోసారి వచ్చి కూర్చోండి చాలు" అన్నారు. వెళ్ళి కూర్చున్నాం. ఆయన తోటలో గడ్డి కోసిపెట్టాం. ఆయన మా సంఘంలో చేరలేదు. ఆ గంటలు వృథా అని నాకెన్నడూ అనిపించలేదు.

ఒక తలుపు మాత్రం మరువలేను. జమైకా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దావిడ. నా పేరుబిళ్ళ చూసి అడిగింది: "1978 దాకా మీ సంఘం నల్లవాళ్ళకు యాజకత్వం ఇవ్వలేదు. నీ రంగు చూస్తే నా రంగుకు దగ్గరగానే ఉంది. నీకిక్కడ ఏం పని?" నా జంట కుర్రవాడు అమెరికన్. తల వంచుకున్నాడు. "మీరన్నది నిజమేనమ్మా" అన్నాను. ఆ నిషేధానికి పూర్వం చెప్పిన కారణాలను సంఘం 2013లో త్రోసిపుచ్చిన మాట చెప్పాను. దానితో ఆవిడ బాధ తీరుతుందని చెప్పలేదు. మా పూర్వీకులు ఊరిబావిలో నీళ్ళు తోడుకోలేని సంగతి, గుడి మెట్లు ఎక్కలేని సంగతి చెప్పాను. "మనిషిని బయట నిలబెట్టడం ఏమిటో మా ఇంట్లో తెలుసు. దేవుడు బయట నిలబెట్టడు. నిలబెట్టేది మనుషులే. ఆ నమ్మకంతోనే వచ్చాను" అన్నాను. ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది. పుస్తకం తీసుకోలేదు. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పధ్నాలుగో నెలలో అసలు పరీక్ష వచ్చింది. అప్పటి నా జంట యూటా కుర్రవాడు. ఐదు తరాలుగా ఈ సంఘంవాళ్ళు. ఒక రాత్రి మెట్లమీద కూర్చుని, "నేను ఇది నమ్మడం లేదు. ఎంత ప్రార్థించినా ఏమీ వినబడటం లేదు" అన్నాడు. అర్ధాంతరంగా తిరిగొచ్చిన మిషనరీని వాళ్ళ ఊళ్ళో ఎలా చూస్తారో అతనికి తెలుసు. అయినా అబద్ధం చెప్పలేనన్నాడు. నేను వాక్యం చదివి వినిపించలేదు. చారు కాచి అన్నం పెట్టాను. వారం తర్వాత అతను ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ పిమ్మట కొన్ని వారాలు నాకు నిద్రలేదు. ఐదు తరాల వాడికే లేని నమ్మకం నాకెందుకుండాలి? నాన్న చేరాడని చేరానా? విదేశం చూడవచ్చని వచ్చానా? నెలలో మొదటి ఆదివారం మేము రెండు పూటలు ఉపవాసం ఉండి, ఆ భోజనం ఖర్చు పేదలకిస్తాం. ఆ ఆదివారం ఆరాధనలో రొట్టె, నీళ్ళు చేతికందినప్పుడు ఆకాశవాణి ఏదీ వినబడలేదు. కాని ఒకటి గమనించాను. ప్రతి రాత్రీ నేను ప్రార్థించేటప్పుడు నాకోసం అడగడం ఎప్పుడో మానేశాను. పాలు కాచి ఇచ్చిన ముసలాయన, నీళ్ళిచ్చిన ఆవిడ, కుక్కను ఉసిగొల్పినాయన, మెట్లమీద కూర్చున్న మిత్రుడు, వీళ్ళ పేర్లే నోట వస్తున్నాయి. పేరు తెలియకపోతే ఇంటి నంబరు. ఇంత పిరికివాణ్ణి, ఇంత ముభావంగా ఉండేవాణ్ణి నాకు అది ఎక్కడినుంచి వచ్చింది? నాలోంచి వచ్చిందని చెప్పుకోలేను. దాన్నే నేను నమ్మకమంటున్నాను. మరొకరు ఇంకొక పేరు పెట్టుకుంటే తగవు లేదు.

రెండేళ్ళలో మా చేతులమీదుగా బాప్తిస్మం తీసుకున్నది ఇద్దరు. 2,222 ఎక్కడ, ఇద్దరెక్కడ అని నాన్నే నవ్వాడు. యూటా మిత్రుడు ఇప్పుడు సంఘానికి రావడంలేదు. నా పుట్టినరోజుకు మాత్రం ఫోను చేస్తాడు. చారు ఎలా కాచాలో మళ్ళీ అడుగుతాడు.

మిత్రులారా, నా మతం మీకు అంటగట్టడానికి ఇది వ్రాయలేదు. ఆ పని గడువు 2024తో తీరింది! చెప్పదలచింది ఒక్కటే. మన హాస్టళ్ళకు, మన ఇళ్ళకు రకరకాలవాళ్ళు వచ్చి తలుపు తడుతూంటారు. పుస్తకాలమ్మేవాడు, చందా అడిగేవాడు, మతం చెప్పేవాడు, ఓటు అడిగేవాడు. వాళ్ళ సరుకు కొనకండి, వాళ్ళ మాట నమ్మకండి, అది మీ ఇష్టం. తలుపు మాత్రం కాస్త తెరిచి, "వద్దు బాబూ" అని మొహం చూసి చెప్పండి. వీలైతే గ్లాసెడు మంచినీళ్ళివ్వండి. అవతల నిలబడినవాడికి ఆ నీళ్ళు ఎంతకాలం గుర్తుంటాయో నాకు తెలుసు.