కాలేయవ్యాధి - చర్మవ్యాధి: ఒక విచారణ

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మన సామెత. ఆ కామెర్లనే ఉర్దూలో యర్కాన్ అంటారు. ఏ పేరుతో పిలిచినా, కంటిలో కనిపించే ఆ పసుపు రంగునే మనం కాలేయవ్యాధికి గుర్తుగా ఎంచుతాము. అయితే ఆ రంగు చూపకుండానే ఏళ్ల తరబడి కాలేయాన్ని క్షీణింపజేసే వ్యాధి హెపటైటిస్-సి. దానికీ, లైకెన్ ప్లానస్ అనే దీర్ఘకాలిక చర్మవ్యాధికీ సంబంధముందా అన్నది వైద్యులు చాలాకాలంగా చర్చిస్తున్న ప్రశ్న. మేము వైద్యులము కాము. ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చినందున చదివి తెలుసుకున్న నాలుగు మాటలు విద్యార్థుల ముందుంచుతున్నాము.

మేము ఫుప్పూ అని పిలిచే మా మేనత్తగారికి కొన్నేళ్ల క్రిందట మణికట్ల మీద ఊదారంగు పొక్కులు లేచాయి. విపరీతమైన దురద. బుగ్గల లోపల తెల్లని అల్లికవంటి చారలు ఏర్పడ్డాయి. ఇది పెద్దరోగమేమోనని ఇరుగుపొరుగువారు గుసగుసలాడారు. బంధువుల ఇండ్లలో ఆమెకు వేరే గ్లాసు పెట్టారు. అది గ్రహించి ఆమె శుభకార్యాలలో అందరితో దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోవడం మానుకున్నారు. చివరకు చర్మవైద్యుడు చూచి, ఇది లైకెన్ ప్లానస్ అనీ, అంటువ్యాధి కాదనీ చెప్పి, హెపటైటిస్-సి కొరకు రక్తపరీక్ష వ్రాశారు. చర్మానికి మందడిగితే కాలేయానికి పరీక్ష ఎందుకని మేము ఆశ్చర్యపడ్డాము.

లైకెన్ ప్లానస్‌ను 1869లో ఎరాస్మస్ విల్సన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించాడు. హెపటైటిస్-సి వైరస్ జాడ మాత్రం 1989లో గాని తెలియలేదు. అంతవరకు దానిని 'ఎ కాదు, బి కాదు' అనే పేరుతోనే వ్యవహరించారు. దాని ఆవిష్కరణకు గాను హార్వీ ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్‌ను గుర్తించే పరీక్ష వచ్చిన తరువాత జపాన్, ఇటలీ దేశాలలో లైకెన్ ప్లానస్ రోగులలో ఈ వైరస్ ఎక్కువగా కనిపించింది. బ్రిటన్‌లో అటువంటి సంబంధం తేలలేదు. మన దేశపు పరిశీలనలలోను ఏకాభిప్రాయం లేదు.

ఇక్కడ మన శాస్త్రాలలోని కాకతాళీయ న్యాయం గుర్తుకు వస్తుంది. కాకి వాలిన క్షణాన తాటిపండు రాలినంతమాత్రాన కాకియే కారణమనలేము. లైకెన్ ప్లానస్‌లో శరీరపు రక్షక కణాలే చర్మకణాలపై దాడి చేస్తాయి. వారసత్వ లక్షణాలు అనుకూలించినచోట వైరస్ ఆ దాడిని ప్రేరేపిస్తుందేమోనని కొందరి ఊహ. అందువల్లనే దేశానికొక రీతిగా ఫలితాలు వచ్చి ఉండవచ్చును. కారణం నిశ్చయం కాకపోయినా పరీక్ష వృథా కాదు. పూర్వపు ఇంటర్‌ఫెరాన్ చికిత్స కొందరిలో ఈ చర్మవ్యాధిని పెంచేది. నేటి మాత్రలు రెండు మూడు నెలలలో నూటికి తొంభై అయిదుగురికి పైగా హెపటైటిస్-సిని నయం చేస్తున్నాయి.

మా ఫుప్పూ రక్తంలో వైరస్ లేదు. పొక్కులు కూడ సుమారు ఏడాదిన్నరలో తగ్గిపోయాయి. వేరే గ్లాసు మిగిల్చిన బాధ మాత్రం అంత త్వరగా తగ్గలేదు. విచారించి చూస్తే, ఆ గ్లాసు ఎవరినీ కాపాడలేదు. హెపటైటిస్-సి సహితం కలిసి తినడం వల్ల, తాకడం వల్ల రాదు. అది రక్తం ద్వారా సోకుతుంది. శుద్ధి చేయని సూది, ఒకరికి వాడిన బ్లేడు, పరీక్షించని రక్తం, ఇవీ దాని మార్గాలు. గ్లాసు వేరుచేసిన వారే జ్వరం వస్తే ఏ సూదితో పొడుస్తున్నారో అడగకుండా చేయి చాపడం మేము చూచాము.

2018 జులై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమం క్రింద ప్రభుత్వ వైద్యశాలలలో ఈ వ్యాధికి పరీక్ష, చికిత్స ఉచితం. చదువుకున్న యువతీయువకులు ఈ సంగతి తమ ఇండ్లలో చెప్పాలి. కొత్త సూదిని, కొత్త బ్లేడును అడగడానికి మొగమాటపడరాదు. మచ్చలున్న మనిషిని మాత్రం నిస్సంకోచంగా తమ ప్రక్కన కూర్చుండబెట్టుకోవాలి.