అమ్మీ అడిగిన సవాల్

పోయిన జూన్‌లో నేను అమెరికా పోయింది సైర్ సపాటా కోసం కాదు. అమ్మీని వాపస్ తీసుకురావడానికి. రిటర్న్ టికెట్లు రెండు కొనుక్కునే పోయాను.

మా తమ్ముడు అయోవా రాష్ట్రంలో సీడర్ ర్యాపిడ్స్ అనే ఊళ్ళో ఉంటాడు. విమానాలకు ఎలక్ట్రానిక్ సామాను చేసే పెద్ద కంపెనీ ఒకటుంది అక్కడ. ఇండియా నుంచి పోయినవాళ్ళలో చాలామందికి రిజ్ఖ్ అదే. వాడికి సిటిజన్‌షిప్ వచ్చాక అమ్మీకి గ్రీన్‌కార్డ్ చేయించాడు. మూడేళ్ళుంది. ఆ చలికాలంలో గుండెకు స్టెంట్లు పడ్డాయి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు రాత్రి కొడుకుని అడిగిందట, 'మై యాఁ మర్ గయి తో కాఁ దఫ్నాతే రే?' అని. నేనిక్కడ చచ్చిపోతే ఎక్కడ పూడుస్తావు అని. వాడు జవాబు చెప్పలేక నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. అబ్బా ఖబర్ కర్నూల్లో ఉంది. అమ్మీ జగా ఆయన పక్కనే అని మేమంతా ఎప్పుడో అనుకున్నాం. ఎవరూ ఆమెను అడిగింది లేదు.

ఊరు చిన్నది. 2020 జనాభా లెక్కల్లో 1,37,710 మంది. మన కర్నూల్లో మూడో వంతు కూడా ఉండరు. మధ్యలో సీడర్ నది. నది నడుమ ఒక లంక ఉంది, మేస్ ఐలాండ్ అంటారు. నగర పాలక భవనం చాలా ఏళ్ళు ఆ లంక మీదే నడిచింది, జిల్లా కోర్టు కూడా అక్కడే. నది మధ్యలో కచేరీ పెట్టుకున్న జనాన్ని నేను మరెక్కడా చూడలేదు. ఒడ్డున క్వేకర్ ఓట్స్ ఫ్యాక్టరీ. గాలి తిరిగితే ఊరంతా ధాన్యం వేయించిన వాసన. 'అయిదు రుతువుల నగరం' అని ఊరికి బిరుదు పెట్టుకున్నారు, అయిదోది తీరిగ్గా మిగతా నాలుగింటినీ ఆస్వాదించే రుతువట. అక్కడివాళ్ళే నవ్వుకుంటూ 'అయిదు వాసనల నగరం' అంటారు.

పదిమందిలో దాదాపు ఎనిమిది మంది తెల్లవాళ్ళు. కానీ తెల్లవాళ్ళంటే ఒకే రకం అనుకునేదాన్ని నేను. ఇక్కడ చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ళకి ఒక బస్తీయే ఉంది, చెక్ విలేజ్ అని. కొలాచె అనే తీపి రొట్టె అమ్ముతారు, మధ్యలో పండ్ల గుజ్జు పెట్టి. తాతలు మాట్లాడిన జబాన్ మనవళ్ళకు రాదు, రొట్టె పేరు మాత్రం మిగిలింది. ఆ మాట విని మా దుల్హన్ కొడుకు వైపు చూసింది. పదకొండేళ్ళ ఆ పిల్లోడికి తెలుగు రాదు, ఉర్దూ అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. 'బిర్యానీ' మాత్రం చక్కగా అంటాడు. ఈమధ్య కాంగో నుంచి వచ్చిన కుటుంబాలూ పెరిగాయి, తమ్ముడి పక్కింటివాళ్ళు వాళ్ళే. ఆ ఇంటి అమ్మ, మా అమ్మీ కంచె దగ్గర నిలబడి ఒక్క మాటా తెలీకుండా అరగంట కబుర్లు చెప్పుకునేవాళ్ళు. మందుల చీటీలు ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు.

ఇక అసలు సంగతికి వస్తాను. అమెరికాలో మసీదుగా కట్టి, ఇప్పటికీ నిలబడి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది ఈ ఊళ్ళోనే ఉంది. నేను న్యూయార్కులోనో షికాగోలోనో ఉంటుందనుకున్నా. దాన్ని 'మదర్ మాస్క్' అంటారు. ఉమ్ముల్ మసాజిద్ అనుకోండి, అమ్మ మసీదు. 1934లో కట్టారు. అంతకంటే ముందు 1929లో నార్త్ డకోటాలో ఒకటి కట్టారుగానీ తర్వాత దాన్ని కూల్చేశారు.

కట్టింది ఎవరు? ఇప్పటి లెబనాన్, సిరియా ప్రాంతాల నుంచి 1890ల నాటికే వచ్చి చేరిన అరబ్బులు. వీపు మీద మూటలు కట్టుకుని మక్కజొన్న చేల మధ్య ఇల్లిల్లూ తిరిగి సూదులు, దారాలు, బట్టలు అమ్మారు. నాకు వెంటనే మా ఆదోని వైపు సైకిళ్ళ మీద చీరల మూటలు, గాజుల పెట్టెలు వేసుకు తిరిగే మన సాయిబులు గుర్తొచ్చారు. తర్వాత కిరాణా కొట్లు పెట్టుకున్నారు. అమెరికా అంతా పనుల్లేక బ్యాంకులు మూతపడిన రోజుల్లో, ఆ కొట్ల గల్లా పెట్టెల్లోంచి చిల్లర తీసి మసీదు కట్టారు.

మసీదంటే మినార్లు, కమాన్లు అనుకుని పోయాను. చూస్తే తెల్లరంగు చెక్క ఇల్లు. పల్లెటూరి స్కూలులా ఉంది. గుమ్మం పైన చిన్న ఆకుపచ్చ గుంబజ్, దాని మీద చాంద్. అంతే.

అమ్మీ మెట్ల దగ్గర ఆగిపోయింది. 'ఔరతాఁ జాతీఁ?' అంది. ఆడవాళ్ళు పోవచ్చా అని. డెబ్భై మూడేళ్ళ అమ్మీకి, నలభై ఆరేళ్ళ నాకు, ఇద్దరికీ మసీదులోపల నమాజ్ చదవడం అదే మొదలు. మా మొహల్లా మసీదు నీడలో పుట్టి పెరిగాను, అజాన్ వింటూ హోమ్‌వర్క్ చేసుకున్నాను. జర్నలిస్టుగా గుళ్ళూ చర్చీలూ ఎన్ని తిరిగానో. మా మసీదులో ఖాలీన్ ఏ రంగో మాత్రం నాకు తెలీదు. తమ్ముడికి తెలుసు. అమ్మీ కుర్చీలో కూచుని రెండు రకాత్‌లు నఫిల్ చదివింది. సలాం తిప్పాక చాలాసేపు లేవలేదు.

ఊరి ముస్లింలు పెరిగాక 1970ల మొదట్లో కొత్త ఇస్లామిక్ సెంటర్‌కు మారిపోయి ఈ బిల్డింగ్ అమ్మేశారు. పిల్లల క్లబ్ అయింది, కొన్నాళ్ళు చర్చి అయింది, పాడుపడింది. 1990ల్లో మళ్ళీ ముస్లింలే కొని బాగుచేసుకున్నారు. 1996లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. పేదవాడు అమ్ముకున్న ఇంటిని మళ్ళీ కొనుక్కోవడం కథల్లోనే చూశాను ఇంతకు ముందు.

2008 జూన్‌లో సీడర్ నది 31 అడుగులు దాటింది. 12 అడుగులు దాటితే వరద కింద లెక్క. అంతకు ముందు రికార్డు 20 అడుగులు. 10 చదరపు మైళ్ళు, ఊళ్ళో ఏడో వంతు మునిగింది. లంక మీది కచేరీలు మునిగాయి. చెక్ వాళ్ళ మ్యూజియం మునిగింది, తర్వాత ఆ బిల్డింగ్ మొత్తాన్ని లేపి ఎత్తైన చోటికి జరిపారు! అమ్మ మసీదు కింది గదిలోకి నీళ్ళొచ్చాయి. అక్కడ దాచిన కితాబులు, పాత కాగజాత్ పోయాయి.

ఆ మాట వినగానే అమ్మీ నా చెయ్యి పట్టుకుంది. మాకు ఆ వరద తెలుసు. పదిహేను నెలల తర్వాత, 2009 అక్టోబర్ 2న, తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచాయి. అబ్బా ఉర్దూ మీడియం టీచరు. ముప్పై ఏళ్ళు జీతంలోంచి మిగిల్చి కొన్న కితాబులు, వాళ్ళ నిఖా కాగితం, నా ఆరో తరగతి నుంచి ఉర్దూ కాపీలు, అన్నీ బురద ముద్దలయ్యాయి. అబ్బా వాటిని మిద్దె మీద ఎండేశాడు. పేజీలు విడలేదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ కితాబు కొనలేదు. 2013లో పోయాడు. అప్పటిదాకా నేను తెలుగులో రాసినవన్నీ ఆయనకు ఉర్దూలోకి చెప్పాల్సి వచ్చేది, తెలుగు చదవడం ఆయనకు రాదు. బీఏలో తెలుగు తీసుకున్నందుకు మొదట కోపగించుకున్నదీ, నా పేరు పేపర్లో పడితే కత్తిరించి దాచిందీ ఆయనే.

మర్నాడు ఖబ్రస్తాన్‌కు పోయాం. 1948లో ఒక ముస్లిం కుటుంబం ఇచ్చిన భూమి. అమెరికాలో ముస్లింల కోసమే పెట్టిన తొలి ఖబ్రస్తాన్‌లలో ఒకటంటారు. ఈ ఊరివాడే అబ్దుల్లా ఇగ్రాం, రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. అప్పట్లో సిపాయిల మెడలో వేసే బిళ్ళ మీద క్రైస్తవులకో, యూదులకో గుర్తు ఉండేది, మనకు లేదు. చస్తే ఏ మజహబ్ ప్రకారం మట్టి చేయాలో ఎవరికీ తెలీదు. వాపస్ వచ్చాక ఆయన ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కే ఖత్ రాశాడు. 1952లో అమెరికా ముస్లింల జమావడాను ఈ చిన్న ఊళ్ళోనే పెట్టించాడు. అమ్మీ అడిగిన సవాల్ అక్కడ మొదటిసారి అడిగింది ఆమె కాదన్నమాట.

పచ్చగడ్డి, వరసగా రాళ్ళు, ఇంగ్లీషు కింద అరబీ. అమ్మీ కర్ర ఆనించుకుంటూ ఒక్కో రాయి మీద పేరు చదివింది. ఉర్దూ చదివిన కళ్ళు కదా, అరబీ పేర్లు గబగబా చదివేసింది. అందరికీ కలిపి ఫాతిహా చదివింది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

'తుమారె అబ్బా కనే ఏక్ బార్ భీ నై లేకో గయే నా తుమ్ లోగాఁ' అంది.

అబ్బా దగ్గరికి ఒక్కసారైనా తీసుకుపోలేదు కదా మీరు. నిజమే. మా వైపు ఆడవాళ్ళు ఖబ్రస్తాన్‌కు పోరు. జనాజా గుమ్మం దాటిందాకే మా హక్కు. జీవితంలో మొదటిసారి ఒక ఖబర్ పక్కన నిలబడింది అమ్మీ, అదీ పరాయి దేశంలో, పరాయివాళ్ళ ఖబర్. నాకు నోట మాట రాలేదు. తమ్ముడు కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ నేల చూస్తున్నాడు.

ఆమె వంగలేక మనవడి చేత కొంచెం మట్టి తీయించుకుంది. నల్ల మట్టి. వేళ్ళ మధ్య నలిపింది. 'రేగడి' అంది, తెలుగులో. పిల్లోడు ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

ఆ రాత్రి ఒక టికెట్ కాన్సిల్ చేశాం. డాక్టరు అంతదూరం ప్రయాణం వద్దన్నాడన్నది ఒక కారణం. రెండోది అమ్మీయే చెప్పింది, 'యాఁ పోతా ఆకో ఖడా రైతా' అని. ఇక్కడైతే మనవడొచ్చి నిలబడతాడు. తమ్ముడు సంతోషించాడో బాధపడ్డాడో నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం కోపమొచ్చింది, దాచుకోను. ఏర్‌పోర్టు దాకా ఆ కోపం తగ్గలేదు. అక్కడ అమ్మీ నా చేతిలో ఐదు డాలర్ల నోటు పెట్టి, 'నువ్వు పో ఆయన దగ్గరికి. నా తరఫున సలాం చెప్పు' అంది.

వచ్చిన వారం అస్ర్ తర్వాత పోయాను. పెద్దమ్మ కొడుకుని తోడు తీసుకుపోయాను, ఎవరేమంటారో అని. గేటు దగ్గర ముసలాయన నన్ను చూశాడు, నా చేతిలో పూలు చూశాడు. ఏమీ అనలేదు. ఖబర్ మీద పోయడానికి నీళ్ళ బిందె ఎక్కడుందో చూపించాడు.