అతుకు కింది ఇనుము

చేపల బండికి తుప్పు బయటినుంచి మాత్రమే రాదు. పెట్టెల్లోని ఐసు కరిగి, చేపల ఉప్పు కలుపుకొని, తొట్టి మూలల్లోకి జారుతుంది. రెండు రేకులు కలిసే మడతలో ఆ నీరు నిలిచిపోతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకరోజు బండి కడుగుతుంటే వేలు తగిలినచోట పొక్కు చిట్లి, రేకు అప్పడంలా లోపలికి పోతుంది.

మా నాన్న 1998లో కొన్న పికప్ ఇరవై ఏళ్లపాటు ఉప్పాడ నుంచి కాకినాడకు చేపలు మోసింది. దారంతా సముద్రం పక్కనే. పోటు మీదున్న రోజుల్లో కెరటం ఎగిరి రోడ్డు మీద పడేది. ఆ తుంపర బండి అడుగంతా తడిపేది. సముద్రం ఒడ్డున ఇళ్ల కిటికీ ఊచలే ఎక్కువకాలం నిలవవు, పల్చటి రేకు ఎంత?

ఇనుము తుప్పుగా మారితే ఒళ్లు పెరుగుతుంది. అందుకే రంగు ముందు పొక్కులు లేస్తుంది. అల్యూమినియం మీద ఏర్పడే పొర లోహాన్ని అంటిపెట్టుకొని దానికే కాపలా కాస్తుంది. తుప్పు అలా కాదు. పెళ్లలు పెళ్లలుగా ఊడుతూ గాలినీ తేమనీ లోపలికి పంపుతూనే ఉంటుంది. ఉప్పు ఆ పనిని తొందరపెడుతుంది. అలాంటి రేకు మీద రంగు వేయడం పుండు మీద పౌడరు అద్దడమే.

ఈ సంగతి తెలియక మొదట ఒక షెడ్డులో ఇచ్చాం. రెండు రోజుల్లో బండి కొత్తదానిలా తిరిగొచ్చింది. నాన్న కొబ్బరికాయ కొట్టారు. వానాకాలం దాటకముందే తొట్టి పక్కన అరచేయంత పెచ్చు ఊడి పడింది. చూస్తే లోపల పాత న్యూస్‌పేపరు కుక్కి, దానిమీద పుట్టీ మెత్తారు. తుప్పును ముట్టుకోనైనా లేదు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ పెచ్చును చేతిలో పట్టుకొని నాన్న చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు, అది చూడలేకపోయాను.

ఆ తర్వాత టింకరింగ్ మేస్త్రికి చూపిస్తే, కొత్త రేకు కోసి వెల్డింగ్ చేస్తానన్నాడు. సరైన దారి అదే. కానీ మిగిలిన రేకు మరీ పల్చబడిపోయింది. మంట తగిలినచోటల్లా కరిగి చిల్లు ఇంకా పెద్దదవుతోంది. అప్పుడు తీరంలో పడవలు బాగుచేసే ఫైబర్ మేస్త్రి గుర్తొచ్చాడు. చెక్క తెప్పల చోట ఫైబర్ పడవలు వచ్చాక, పగిలిన పడవను ఇసుకలోనే బోర్లించి అతికేవాళ్లు ఈ తీరంలో తయారయ్యారు. ఆయన వచ్చి బండి చుట్టూ తిరిగి, వేలి కణుపుతో తట్టి తట్టి విన్నాడు.

"ఆయ్, అతికేద్దామండి. కాకపోతే ముందు కోయాలండి. ఎంతవరకు కోస్తానో చూసి మీరు బెంగెట్టుకోకూడదండి."

నిజంగానే బెంగ పుట్టింది. గ్రైండరు పెట్టగానే రూపాయి బిళ్లంత చిల్లు తమలపాకంత అయింది. భోజనాల వేళకు విస్తరంత అయింది. తెల్లగా మెరిసే ఇనుము కనబడేదాకా ఆయన ఆగలేదు. తర్వాత చిల్లు అంచులను సుత్తితో కొద్దిగా లోపలికి దించాడు, అతుకు మందం రేకు మట్టం దాటకూడదని. చుట్టూ మూడంగుళాల మేర రంగు గీకేసి, ముతక ఉప్పుకాగితంతో గీతలు పడేలా రుద్దాడు. నున్నటి ఇనుమును ఫైబర్ అతికే రెజిన్ పట్టుకోదు. చెయ్యి దూరని మడతల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పూయించాడు. రోజంతా ఇదే సరిపోయింది. అతికే పని ఇంకా మొదలే కాలేదు.

మర్నాడు పొద్దున్నే చేద్దామంటే వద్దన్నాడు. తెల్లవారుజామున రేకు మీద మంచు చెమ్మ ఉంటుందట. ఎండెక్కి ఆ చెమ్మ ఆరాక బండిని నీడలోకి లాగి మొదలుపెట్టాం. ఎండలో అయితే రెజిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. కోతలాగే అతుకు కూడా తొట్టి ఎడమవైపు ఆయన చేశాడు. కుడివైపు ఆయన చెబుతుంటే నేను చేశాను. మొదట చిన్న గాజు పోగుల మ్యాట్ ముక్క, దానిమీద ఇంకాస్త పెద్దది, దానిమీద ఇంకా పెద్దది. ప్రతి పొరనూ బ్రష్షుతో పొడిచి పొడిచి గాలి బుడగలు తీసేయాలి. తెల్లటి మ్యాట్ రెజిన్ తాగి గాజులా తేటపడుతుంది. ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టే, రేపు నీరు చేరేదీ అక్కడే.

పడవలకు వాడే పాలియెస్టర్ రెజిన్ ఇనుమును అంత గట్టిగా పట్టదు. ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, ఖరీదూ ఎక్కువే. ఎపాక్సీ వాడేవాళ్లు మ్యాట్ బదులు నేసిన గాజు గుడ్డ తీసుకోవాలి. మామూలు మ్యాట్ పోగులను పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరిన్‌కు కరిగినట్టు ఎపాక్సీకి కరగదు. మేము పాలియెస్టర్‌తోనే చేశాం. అందుకే అంచుల దగ్గర అంత శ్రమ.

కేజీ రెజిన్‌కు 10 నుంచి 20 మిల్లీలీటర్ల హార్డనర్, ఎండను బట్టి. రెజిన్‌ను త్వరగా గట్టిపరిచే కోబాల్ట్ విడిగా తెచ్చుకుంటే దాన్ని ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. ఇంత ప్రమాదకరమైన పనిని మేస్త్రి ముక్కుకు తువ్వాలు చుట్టుకొని చేయబోయాడు. తువ్వాలు గాజు నుసిని కొంత ఆపుతుందేమో గానీ స్టైరిన్ ఆవిరిని ఆపదు. పని చేయించుకునేవాళ్లు ఆవిరిని ఆపే మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తామే కొనివ్వాలి. కూలితోపాటు ఇవ్వవలసిన బాకీ అది.

ఇక పుట్టీ, 80 నుంచి 400 దాకా వాటర్ పేపర్లు, ప్రైమరు, రంగు. అదంతా ఏ పెయింటరైనా చేసేదే.

ఫైబర్ తుప్పు పట్టదు, ఇక దిగులు లేదనుకునేవాళ్లకు రెండు కార్లు గుర్తుచేయాలి. 1953లో అమెరికాలో తొలి ఏడాది 300 కార్వెట్‌లు ఫైబర్‌గ్లాస్ బాడీతో తయారయ్యాయి. 1980లలో బెంగళూరు నుంచి వచ్చిన సిపానీ డాల్ఫిన్ బాడీ కూడా ఫైబర్‌దే. రెండింటికీ అడుగున ఉన్నది మాత్రం ఉక్కు చట్రమే, దానికి తుప్పు తప్పలేదు. మా మేస్త్రి కూడా ఛాసిస్ దగ్గరికొచ్చేసరికి గ్రైండరు కింద పెట్టేశాడు. "ఇది నా పని కాదండి, వెల్డింగోళ్లకి చూపించండి" అన్నాడు. బరువు మోసే చోట, సీటు బెల్టు బిగించే చోట, తలుపు స్తంభాల దగ్గర ఫైబర్ అతుకు వేయకూడదు. వేస్తానని ఎవరైనా ముందుకొస్తే బండి వెనక్కి తెచ్చేసుకోండి. పాత బండి కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. రేకు అనుకున్నచోట అది అంటుకోకుండా జారితే, కింద పుట్టీనో ఫైబరో ఉందన్నమాట.

మా బండి ఎడమవైపు అతుకు ఏడు వానాకాలాలు చూసింది. ఇంకా గట్టిగానే ఉంది. కుడివైపు మూడో వానాకాలానికే అంచు నెర్రె ఇచ్చింది. విప్పి చూస్తే, అక్కడ నేను ఒక అంగుళం తక్కువ కోశాను.