అరవయ్యా? నూటనలభై నాలుగా?

మనిషి కన్ను సెకనుకు 24 బొమ్మలకు మించి చూడలేదనీ, అందుచేత ఆటలకోసం ఖరీదైన మానిటరు కొనడం శుద్ధ దండగనీ మా హాస్టల్లో ఒక వాదం బలంగా ఉంది. ఈ మాట అనేవాళ్ళలో ఫిజిక్సు విద్యార్థులు కూడా ఉండడమే నా బాధ! సినిమాకు 24 చాలిన మాట నిజమే. కాని రీళ్ళ కాలంలో ప్రొజెక్టరు ఒక్కో బొమ్మను రెండుసార్లో మూడుసార్లో వెలిగించి చూపేది. లేకపోతే తెర మినుకుమినుకుమనేది. నమ్మనివారు పాతకాలపు చోకు ట్యూబులైటు కింద చెయ్యి వేగంగా ఊపి చూడండి. మన 50 హెర్ట్‌జ్ కరెంటుకు అది సెకనుకు 100 సార్లు వెలుగుతుంది. అయినా ఐదువేళ్ళు పదిహేనై కనిపిస్తాయి. కన్ను మరీ అంత గుడ్డిది కాదు.

మామూలు మానిటరు 60 హెర్ట్‌జ్. అంటే బొమ్మ మారడానికి 16.7 మిల్లీసెకన్లు. 144 అయితే 6.9, 240 అయితే 4.2. తీసివేసి చూడండి: మొదటి మెట్టుమీద దాదాపు 10 కలిసివస్తే రెండో మెట్టుమీద 3 కూడా రావు. ధర మాత్రం మెట్టుమెట్టుకూ ఎక్కుతూనే ఉంటుంది. సేద్యం చేసే ఇంట పుట్టినవాడికి ఇది కొత్త పాఠమేమీ కాదు. మొదటి బస్తా ఎరువుకు ఎదిగినట్టు నాలుగో బస్తాకు చేను ఎదగదు.

కదిలే బొమ్మ వెంట మన చూపు జారుతూ పోతుంది. తెరమీది బొమ్మేమో మారేదాకా ఉన్నచోటనే నిలబడుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదరకే మసక. సెకనుకు 960 చుక్కల దూరం పరుగెత్తే మనిషి 60 హెర్ట్‌జ్ తెరమీద 16 చుక్కల వెడల్పున అలుక్కుపోతాడు. 240 మీద నాలుగే.

మా సీనియరు ఒకాయన కొత్తగా 240ది కొన్నాడు. నన్ను వెనక్కి తిరగమని, దాన్ని ఒకసారి 60కి, ఒకసారి 144కి మార్చి, “ఇప్పుడెంత?” అని అడిగాడు. పదికి పదిసార్లూ చెప్పాను. 144కీ 240కీ మధ్య అడిగేసరికి మాత్రం నా జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే ఉన్నాయి.

నేను ట్యూషన్లు చెప్పి కొంత దాచాను. అయినా మా ఇంట్లో డబ్బుకు ఫలానావాడిదన్న పేరుండదు. పత్తి అమ్ముడయ్యేదాకా అందరిదీ ఒకే సంచి. కొత్త 144 మానిటరు 11 వేలని చెబితే బాపు ఫోనులోనే లెక్కకట్టాడు. “ఎనిమిది బస్తాల డీఏపీ! అది కొంటే ఏమొస్తదిరా?”

ఏమీ రాదు. మార్కులు రావు, ఉద్యోగం అసలే రాదు. చూసి వేలు నొక్కడానికే మనకు 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. రాత్రిపూట హాస్టలు నెట్టు ఒక్క కుదుపు కుదిపితే మరో 100 గాలికిపోతాయి. రోజుకో గంట ఆడే ఆటలో, మసకగా కనిపించే మనిషి మనిషిలాగా కనిపిస్తాడు, అంతే. అదే చెప్పాను. బాపు కాసేపు ఊరుకుని, “నీ పైసలే గదా, చూసి కొను” అన్నాడు. ఆ ‘చూసి’ అన్న మాటే నాచేత ఇన్ని లెక్కలు చేయించింది.

చూస్తే తేలిందిది. తెర ఎంత చురుకైనదైనా కంప్యూటరు అన్ని బొమ్మలు గీసి ఇవ్వాలి గదా! చేతులు మారివచ్చిన నా పెట్టె వేలొరంట్‌లో సెకనుకు 110 దాకా ఇస్తుంది. కాబట్టి 240 నాకు ఎద్దుల్లేని బండి. ఎల్డెన్ రింగ్ ఆడేవాళ్ళకైతే 144 కూడా వృథాయే. 2022లో వచ్చిన ఆ ఆటకు కంప్యూటరుమీద తయారీదారులే 60 దగ్గర కళ్ళెం వేశారు. ఇంకో తమాషా! 144ది కొని, సెట్టింగుల్లో మార్చక 60 మీదనే ఏళ్ళతరబడి వాడుతున్న మహానుభావులు మా వరండాలోనే ఇద్దరున్నారు. ఈ పేజీ చదివాకైనా వెళ్ళి చూసుకుంటారని ఆశ.

ఆ సీనియరు పాత 144ది మంచం కింద పడి ఉంది. ఆరువేలంటున్నాడు. నేను ఐదు దగ్గర ఉన్నాను.