గాజుతొట్టిలో జావా ఫెర్న్

ఇంటి ముంగిట పూలమొక్కలు పెంచేవారు చాలామంది. నీటిలో మొక్కలు పెంచేవారు అరుదు. ఆ అరుదైన వ్యసనం నాకు మూడేళ్ళ క్రితం అంటుకుంది. మా అమ్మాయి ముచ్చటపడి కోరగా రెండడుగుల గాజుతొట్టి కొని తెచ్చాను. చేపలతోపాటు అంగడివాడు జావా ఫెర్న్ అనే మొక్క నొకదానిని చేతిలో పెట్టాడు. ఆగ్నేయాసియా అడవులలో సెలయేళ్ళ ఒడ్డున రాళ్ళను, మొద్దులను కరచుకొని పెరిగే మొక్క ఇది.

సాహిత్యం చదువుకున్న నాకు మొక్క అంటే మట్టిలో నాటవలసినదనే తెలుసు. తొట్టి అడుగున ఇసుక తవ్వి, దాని కొమ్మును లోతుగా పాతి, పైన గులకరాళ్ళు పేర్చి నిశ్చింతగా కూర్చున్నాను. నెల తిరగకముందే కొమ్ము నల్లబడి కుళ్ళిపోయింది. ఆకులు ఒక్కొక్కటే విడివడి నీటిపై తేలాయి.

వృక్షశాస్త్రం బోధించే మిత్రునితో మొరపెట్టుకోగా ఆయన నవ్వి, "మాస్టారూ, పసుపుకొమ్ములా అడ్డంగా పాకే ఆ కాండాన్ని ఎన్నడూ పూడ్చరాదు. రాతికో, కర్రకో నూలుదారంతో వదులుగా కట్టి ఊరుకోండి" అన్నారు.

రెండవ మొక్కను అలాగే కట్టాను. దానికి తీక్ష్ణమైన వెలుతురు అక్కరలేదు, తొందర అసలే లేదు. కొన్నాళ్ళకు ముదురాకుల వెనుక నల్లని చుక్కలు పొడసూపాయి. తెగులని భ్రమించి కత్తెర పట్టుకోగా, "అబ్బాజాన్, ఆగండి! ఆకు కొసన పిల్ల పుట్టింది" అని మా అమ్మాయి కేక వేసింది. నిజమే! వడలిపోతున్న ఆకు అంచున గోరంత చిగురు, దాని కింద సన్నని గోధుమరంగు వేళ్ళు. ఫెర్న్‌కు పువ్వు లేదు, విత్తనం లేదు. ఆకు వెనుక చుక్కలు సిద్ధబీజాల గూళ్ళు. నీటిలో పెరిగేటప్పుడు అది ఆకు మీదనే పిల్లలను మోస్తుంది. ఆ పిల్ల వేళ్ళూని రెండు మూడు ఆకులు తొడిగాక మెల్లగా వేరుచేసి మరొక రాతికి కట్టవచ్చు. ముదిరిన కొమ్మును, ప్రతి ముక్కకు కొన్ని ఆకులుండేలా కోసి కట్టినా కొత్త మొక్క అవుతుంది.

ఒక ఉదయం ఆ రాతిని పైకి తీసి చూశాను. దారం నీటిలో నాని చివికిపోయింది. అయినా మొక్క కదలలేదు. దాని వేళ్ళే రాతిని గట్టిగా పట్టుకున్నాయి.

ఆ క్షణాన నాకొక విద్యార్థి జ్ఞప్తికి వచ్చాడు. నిరుడు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చి, ఎంతో ఇష్టంతో తెలుగును ద్వితీయ భాషగా తీసుకున్నాడు. త్వరగా నేర్పాలన్న ఆత్రంతో మొదటి వారంలోనే అతనిని లేపి పద్యం చదివించాను. ఒత్తుల దగ్గర తడబడ్డాడు, తరగతి నవ్వింది, నేను మళ్ళీ చదవమన్నాను. మరుసటి వారం అతడు తెలుగు మానుకొని వేరొక భాషకు మారిపోయాడు. వరండాలో ఎదురైతే ఇప్పటికీ మర్యాదగా సలాం చేస్తాడు. ఆ సలాం అందుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. చేయూతనిస్తున్నానని తలచి అతనిని లోతుగా పాతిపెట్టాను.

ఈ ఏడు కొత్తగా చేరినవారిని ఎవరినీ మొదటి నెలలో లేపి చదివించలేదు. తమంతట తాము లేచేదాకా వేచి ఉన్నాను. నూలుదారం చేసేపాటి పని చేయగలిగితే అధ్యాపకునికి చాలు.

ఈ వ్యాసం ఆ విద్యార్థి కంట పడుతుందనే నా ఆశ. తప్పు అతని నాలుకది కాదు, నా తొందరది. తెలుగు తరగతి తలుపు తెరిచే ఉన్నది.