చుట్టాలతో అరకు ప్రయాణం - మొహమాటమే అసలు జబ్బు

వేసవి సెలవులు ఇచ్చారంటే విశాఖపట్నంలో కాపురం వున్న ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు. రావాలి కూడా. సముద్రం వున్న వూళ్ళో వుంటూ అక్కచెల్లెళ్ళనీ, అన్నదమ్ముల్నీ పిలవకపోతే వాళ్ళు వూరుకుంటారా? అందరూ వచ్చిన రాత్రి మేడమీద చాపలు పరుచుకుని కార్యక్రమం వేస్తారు. మొదటిరోజు పొద్దున్న సింహాచలం, మధ్యాహ్నం జలాంతర్గామి మ్యూజియం, సాయంత్రం బీచి, చీకటిపడ్డాక కైలాసగిరి. రెండోరోజు తెల్లవారుజామున అరకు, దారిలో బొర్రాగుహలు, రాత్రికి ఇల్లు. మూడోరోజుకి ఏమీ వెయ్యరు. కాని ఆ మూడోరోజే ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తారు.

ఒకరికి వాంతులు, విరేచనాలు. ఒకరికి మోకాలు వాచింది. ఒకావిడకి మూత్రంలో మంట, చలిజ్వరం. వీళ్ళందరినీ నేను ఒకే ప్రశ్న అడుగుతాను. "మొదట ఎప్పుడు నలతగా అనిపించింది?" అని. "నిన్న పొద్దున్నే అనిపించిందండీ, అందరూ సరదాగా వున్నారు, నామూలంగా ఎందుకు పాడవ్వాలని చెప్పలేదు" అంటారు. చూశారా! తప్పు పూర్తిగా ఎండదీ కాదు, కొండదీ కాదు. మొహమాటానిది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా అక్కా, బావగారూ పిల్లలతో వచ్చారు. బావగారికి చక్కెరజబ్బు. ఉదయం ఐదింటికి బయల్దేరాలని అందర్నీ తొందరపెట్టాను. ఆయన అలవాటు ప్రకారం మాత్ర వేసుకున్నారు. వేసుకున్న కాసేపట్లో ఫలహారం చెయ్యాలి. నేనేమో "టిఫిను పైన చేద్దాం బావగారూ, చల్లగా వుంటుంది" అన్నాను. ఆయన "అలాగే" అన్నారు. బావగారు కదా, బావమరిది ఇంట్లో ఆకలి అని నోరు తెరిచి ఎలా చెబుతారు?

శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కుతుండగా ఆయన మాట్లాడ్డం మానేశారు. చూస్తే చొక్కా తడిసిపోయింది. కొండగాలి చల్లగా వీస్తుంటే ఆయనకి చెమటలు. "తిప్పుతోందా?" అన్నాను. తల వూపారు. మలుపుల మూలంగా అనుకుని నిమ్మకాయ వాసన చూపించాను! ఇంకో నాలుగు మలుపులు తిరిగాక ఆయన మా అక్కని పేరు మార్చి పిలిచారు. అప్పుడు తెలిసింది నాకు. పిల్లల సంచీలో గ్లూకోజు పొడి వుండబట్టి సరిపోయింది. నీళ్ళలో కలిపి పట్టించాం, పావుగంటలో మనిషి తేరుకున్నారు. డాక్టరుని పక్కన కూచోబెట్టుకుని ఆయన అంత ప్రమాదంలో పడ్డారు. అందుకే ఇది రాస్తున్నాను.

వచ్చిన రాత్రే అడగండి

అతిథికి కాఫీ ఇచ్చినంత సహజంగా ఈ నాలుగు సంగతులూ అడగండి. ఏ మందులు వాడుతున్నారు, ఏ వేళకి? మాత్ర తరవాత ఎంతసేపట్లో తినాలి? మెట్లు ఎక్కితే ఆయాసంగాని, గుండెలో పట్టేసినట్టుగాని వుంటుందా? కొండదారిలో వాంతులవుతాయా? నలుగురిలో అడగొద్దు. మగవాళ్ళని ఇంటాయన, ఆడవాళ్ళని ఇల్లాలు విడిగా అడిగితే నిజం చెబుతారు.

చక్కెరజబ్బు వున్నవాళ్ళుంటే బయల్దేరే వేళని బట్టి ఫలహారం కాదు, ఫలహారం వేళని బట్టి బయల్దేరాలి. ఒక డబ్బాలో బిస్కెట్లు, చిన్న పొట్లంలో పంచదార వాళ్ళ చేతిలోనే వుండాలి, డిక్కీలో కాదు. అకస్మాత్తుగా చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక కడుపుకి ఆహారం పెట్టండి. కొన్ని మాత్రల ప్రభావం చాలా గంటలు వుంటుంది కాబట్టి ఆ రోజంతా ఓ కన్నువేసి వుంచండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని ఎండలో నిలిపిన కారులో వదలకూడదు, ఐసుముక్కలకి ఆనించి పెట్టకూడదు. గడ్డకట్టినా, వేడెక్కినా అది పనికిరాదు.

ఎండ కాదు, ఉక్క

హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు "మాకు నలభై డిగ్రీలు అలవాటే, మీకు ముప్ఫై అయిదేగా" అని నవ్వుతారు. సముద్రతీరంలో లెక్క వేరు. చెమట ఆరితేనే వొళ్ళు చల్లబడుతుంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందేగాని ఆరదు. అందుకని తక్కువ డిగ్రీలలోనే శరీరం అలిసిపోతుంది. ముసలివాళ్ళకీ, పసిపిల్లలకీ, నీరు తీసే బి.పి. మాత్రలు వాడేవాళ్ళకీ ఇంకా తొందరగా.

కాబట్టి సింహాచలం పొద్దున్నే వెళ్ళిరండి. పదకొండు నుంచి నాలుగు దాకా ఇంటిపట్టున వుండండి. అక్షయతృతీయ నాడు అప్పన్నస్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజే కదా అని గుండెజబ్బు వున్న పెద్దవాళ్ళని గంటల తరబడి వరసలో నిలబెట్టకండి. మర్నాడు చందనం పూతలో చూసినా ఆయన అప్పన్నే.

మజ్జిగలో ఉప్పు వేసి ఇవ్వండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం వుండనే వుంది. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ఎండలో తిరిగిన మనిషి వొళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు వదులుచేసి, వొళ్ళంతా నీళ్ళు చల్లి గట్టిగా విసరండి. చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. జ్వరం మాత్రలతో అది తగ్గదు. చల్లబరుస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

సముద్రం గురించి ఒక్కమాట. మన తీరం చూడ్డానికి ఎంత అందమో, దిగడానికి అంత నమ్మరానిది. అల విరగకుండా నున్నగా కనిపించే జాగా చూసి "ఇక్కడ నిదానంగా వుంది" అని పిల్లలు దిగుతారు. చాలాసార్లు అక్కడే నీరు లోపలికి లాగుతుంది. పాదాలు తడవడం వరకే సరదా. మోకాళ్ళు దాటనివ్వద్దు. పొరపాటున లాగేస్తే ఒడ్డువైపు ఎదురీదకూడదు. నీటిమీద తేలుతూ ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరిగి, లాగుడు తగ్గాక బయటికి రావాలి. పిల్లల్ని చూసుకునే పని "అందరిదీ" అంటే ఎవరిదీ కాదు. ఫలానావారు అని పేరుపెట్టి అప్పజెప్పండి.

ఘాటీ మలుపులు

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది. టైడా, అనంతగిరి, గాలికొండ. ఒక మలుపులో లోయ, ఒక మలుపులో కాఫీతోట, నీడచెట్లకి అల్లుకున్న మిరియాల తీగె. చూసేవాళ్ళకి స్వర్గం, వాంతులయ్యేవాళ్ళకి నరకం.

వాంతులు కడుపులో పుట్టవు, చెవిలో పుడతాయి. లోపలిచెవి "మలుపు తిరుగుతున్నాం" అని మెదడుకి చెబుతుంది. కళ్ళు కారులోపలే చూస్తుంటే "కదలడంలేదు" అంటాయి. ఈ తగాదా మెదడు తీర్చలేదు. కాబట్టి చెయ్యవలసింది కళ్ళకీ చెవికీ రాజీ కుదర్చడం. వాంతులయ్యేవాళ్ళని ముందుసీటులో కూచోబెట్టి దూరంగా రోడ్డుకేసి చూడమనండి. పుస్తకంగాని సెల్‌ఫోను‌గాని పట్టుకోనివ్వద్దు. ఈ బాధ రెండేళ్ళలోపు పిల్లలకి అరుదు, ఆపైన పన్నెండేళ్ళ దాకా ఎక్కువ.

ఖాళీకడుపూ మంచిదికాదు, పూరీ కూరతో నిండిన కడుపూ మంచిదికాదు. బయల్దేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. అల్లంముక్క కొందరికి పనిచేస్తుంది. మాత్ర వేసుకుంటే ప్రయాణానికి అరగంటో గంటో ముందు వేసుకోవాలి, వాంతి వచ్చాక కాదు. దానివల్ల మత్తు వస్తుంది కనక బండి నడిపేవారు వేసుకోకూడదు. ప్రోస్టేటు బాధ, కంట్లో నీటికాసుల జబ్బు వున్న పెద్దవాళ్ళూ, చిన్నపిల్లల తల్లులూ డాక్టరుని అడక్కుండా వాడవద్దు.

మరీ పడనివాళ్ళకి ఉదయం బయల్దేరే కిరండూల్ రైలు మంచిది. సొరంగం తరవాత సొరంగం వస్తుంటే పిల్లలు కేరింతలు కొడతారు. రోడ్డుమీదలాగ మలుపులు కడుపుని తిప్పవు.

ఇక ఆడవాళ్ళ సంగతి. దారిలో మరుగుదొడ్డి ఎలా వుంటుందోనని పొద్దుటినుంచీ నీళ్ళు తాగరు. వేసవిలో ఇది ఎంత ప్రమాదమో! తలనొప్పి, కళ్ళు తిరగడం, మర్నాటికి మూత్రంలో మంట. అడిగితే "అవసరం లేదు" అంటారు. కాబట్టి అడగకండి. శృంగవరపుకోటలో ఘాటీకి ముందు బండి ఆపి, ఇల్లాలు తానే ముందు దిగి "రండి వదినా" అనాలి. అప్పుడు అందరూ దిగుతారు, నీళ్ళూ తాగుతారు.

కొండమీద

"అంత ఎత్తులో గాలి ఆడుతుందా?" అని పెద్దవాళ్ళు భయపడతారు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తున వూపిరికి లోటు రాదు. విశాఖ కంటే అయిదారు డిగ్రీలు చల్లగా వుంటుంది, అంతే. అక్కడ ఆయాసం వస్తే అది కొండ మహిమ అని సరిపెట్టుకోకండి. గుండెని అనుమానించాలి.

బొర్రాగుహల్లో సున్నపురాతి మీద నీటిబొట్లు వేల ఏళ్ళుగా చేసిన శిల్పాలు చూసి తీరవలసినవే. కాని దిగడం సుఖం, ఎక్కడం కష్టం. మెట్లు తడిగా వుంటాయి. లోపల ఉక్క. మోకాళ్ళ నొప్పులవాళ్ళూ, గుండెజబ్బువాళ్ళూ కొంతదూరం దిగి, గుహ నోరు, పైనుంచి పడే వెలుగు చూసి వెనక్కి వస్తే చాలు. వాళ్ళతో ఒకరు వుండిపోవాలి. "మీరు వెళ్ళండి, నేనిక్కడ కూచుంటా" అన్న పెద్దమనిషిని ఒంటరిగా వదలకండి.

బయట కోతులుంటాయి. పిల్లల చేతిలో తినే వస్తువు వుంచకండి. కరిచినా, రక్కినా సబ్బుతో పావుగంటసేపు నీటిధార కింద కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి పిచ్చికుక్క కాటుకి వేసే టీకా మొదలుపెట్టాలి. పసుపూ సున్నం అద్ది వూరుకోకూడదు. చాపరాయి దగ్గర బండలు నాచు పట్టి జారుతాయి. అక్కడా పాదాలవరకే.

ఇంటికి వెళ్ళాక వచ్చే జ్వరం

ఇది అందరూ మరిచిపోయే సంగతి. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా వుంది. దాన్ని మోసే దోమ చీకటిపడ్డాక కుడుతుంది. రాత్రి అక్కడ బస చేస్తే దోమతెర, పొడుగుచేతుల బట్టలు తప్పనిసరి. కుట్టిన వెంటనే జ్వరం రాదు. వారం, రెండువారాలు, ఒక్కొక్కప్పుడు నెల పడుతుంది. అప్పటికి మీ చుట్టాలు తమ వూరు చేరివుంటారు. అక్కడి డాక్టరుకి వీళ్ళు అరకు వెళ్ళారని ఎలా తెలుస్తుంది? మెదడుకి పాకే మలేరియా అయితే ఒక్కరోజు ఆలస్యం కూడా ప్రాణంమీదికి తెస్తుంది. "కొండప్రాంతానికి వెళ్ళొచ్చామండీ" అనే మాట చెబితే వెంటనే రక్తపరీక్ష చేయిస్తారు. చంకలోగాని, గజ్జలోగాని మాడినట్టు నల్లటి పొక్కు కనిపించినా చెప్పాలి. పొదల్లోని పురుగు కుట్టి వచ్చే జ్వరం వేరే వుంది. దానికి వేరే మందు.

చివరిగా ఇల్లాలికి. పదిమందికి వండివార్చి, రాత్రి పన్నెండింటికి పడుకుని, నాలుగింటికి లేచి పులిహోర కలిపి బండెక్కే తల్లీ, ఆ బండిలో అందరికంటే అలిసిపోయింది నువ్వే. నీ థైరాయిడు మాత్రో, బి.పి. మాత్రో మూడురోజులుగా వేసుకోలేదని నాకు తెలుసు. వచ్చిన వదినగార్నీ, మరదల్నీ కూరలు తరగమని చెప్పడం అమర్యాద కాదు. రెండు రోజుల ప్రయాణాల మధ్య ఒకరోజు అందరూ ఇంట్లోనే వుండి మామిడిపళ్ళు తింటే ఆ రోజే చాలామందికి ఎక్కువ గుర్తుంటుంది.

మా బావగారు ఆ ఏడాది తరవాత కూడా వచ్చారు. ఈసారి నేను అడక్కుండానే, "ఏడింటికి నాకు ఇడ్లీ పెట్టాలోయ్, ఆ తరవాతే నీ అరకు" అన్నారు. ఇంటల్లుడు ఇంత ధైర్యంగా ఆకలి అన్నందుకు మా అమ్మ ముసిముసిగా నవ్వుకుంది.

చుట్టాల్ని రైలెక్కించి చెయ్యి వూపడంతో మీ బాధ్యత తీరలేదు. పదిరోజుల తరవాత ఒకసారి ఫోను చెయ్యండి. "ఎవరికైనా జ్వరం వచ్చిందా?" అని అడగండి. చీరా, పళ్ళూ పెట్టి పంపడం ఎంత మర్యాదో, ఇదీ అంతే మర్యాద.