మొదటి సీజన్‌లో లైన్‌బ్యాకర్... మొదటి ఏడాదిలో మన పిల్లలు



ఈ నెల ఈ పేజీ రాసే వంతు ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌ది. స్పోకెన్ ఇంగ్లిష్ గురించో, చేతిరాత గురించో ఉంటుందని మీరు అనుకుని ఉంటారు. నేను మాత్రం అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాను. ఎందుకో ముందే చెప్పేస్తాను. జూన్‌లో కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు ఎఫ్‌ఏ-1 మార్కులు చూశాక నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, మావాడు ఇక్కడ నిలబడగలడా?" అమెరికాలో ప్రతి ఆగస్టులో ఫుట్‌బాల్ అభిమానులు అడిగేదీ ఇదే. కాలేజీలో అప్పుడే అడుగుపెట్టిన 18 ఏళ్ల లైన్‌బ్యాకర్ ఈ సీజన్‌లో నిలబడగలడా? ఈ ప్రశ్నకు అక్కడి కోచ్‌లు జవాబు వెతికే పద్ధతి మనకు పనికొస్తుందని నా నమ్మకం.

ఈ ఆట నాకెలా తెలుసంటే, మా అక్కావాళ్లు పెన్సిల్వేనియాలో ఉంటారు. అక్కడ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా శనివారం వచ్చిందంటే ఊరంతా ఫుట్‌బాలే. వాళ్లకు మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే ఆట మనకు రాత్రి 9.30కి. బావగారు వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ని టీవీ వైపు తిప్పి, ఓపిగ్గా నాకు ఆట నేర్పారు. నేను ఇక్కడ పేపర్లు దిద్దుకుంటూ నేర్చుకున్నాను.

లైన్‌బ్యాకర్ అంటే ఎవరు?

ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు, విసరవచ్చు. ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు అవకాశాలు. వెళ్లనివ్వకుండా ఆపడం ఎదుటి జట్టు పని.

ఆపే జట్టులో ముందు వరసలో బాగా బరువైనవాళ్లు ఉంటారు. వాళ్ల వెనక కొన్ని గజాల దూరంలో నిలబడేవాడు లైన్‌బ్యాకర్. బంతి పట్టుకుని వచ్చేవాణ్ణి కింద పడేయడాన్ని ట్యాకిల్ అంటారు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టేసినట్టే అనుకోండి. అయితే పట్టడం కన్నా ముందు అతను చేయాల్సిన పని ఇంకొకటుంది. ఎదుటివాళ్లు పరిగెత్తబోతున్నారా, విసరబోతున్నారా అన్నది వాళ్ల కదలికను బట్టి క్షణంలో పసిగట్టాలి. ఒక్క అడుగు తప్పు దిక్కుకు వేస్తే బంతి అతన్ని దాటిపోతుంది. మధ్యలో ఉండే లైన్‌బ్యాకర్‌కైతే మిగతావాళ్లను సర్దే బాధ్యత కూడా చాలా జట్లలో ఉంటుంది. 2024 నుంచి పెద్ద కాలేజీ జట్లలో ఒక డిఫెన్స్ ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే స్పీకర్ పెట్టనిస్తున్నారు. చాలా జట్లు దాన్ని లైన్‌బ్యాకర్‌కే ఇస్తాయి. కోచ్ చెప్పింది విని, మిగతా పదిమందికి చేరవేసి, తనూ ఆడాలి. క్లాస్ లీడర్ పని, పరీక్ష రాసే పని ఒకేసారి అన్నమాట.

ఫ్రెష్‌మ్యాన్ కష్టం ఎక్కడుంది?

హైస్కూల్లో ఆ అబ్బాయి హీరో. వేగంతోనే సగం ఆటలు గెలిపించి ఉంటాడు. కాలేజీకి వచ్చేసరికి పక్కనున్న ప్రతివాడూ వాళ్ల ఊరి హీరోయే. ఎదురుగా నిలబడేవాళ్లలో 22, 23 ఏళ్లవాళ్లుంటారు. ముందు వరసలో 300 పౌండ్లు, అంటే సుమారు 136 కిలోల మనుషులు మామూలే. నిన్నటిదాకా అమ్మ చేతి వంట తిన్న పిల్లవాడు వాళ్లను తోసుకుని వెళ్లాలి. లావుపాటి ప్లేబుక్ బుర్రకెక్కించుకోవాలి. దాంతోపాటు ఫుల్‌టైమ్ స్టూడెంట్‌గా క్లాసులకు వెళ్లి పాసవ్వాలి. లేకపోతే ఆడనివ్వరు.

ఇదంతా మొదటి ఏడాదే మోయగలరా అన్న అనుమానం పాతదే. 1972 వరకు అమెరికాలో పెద్ద కాలేజీల ప్రధాన ఫుట్‌బాల్ జట్లలో మొదటి ఏడాది పిల్లల్ని సాధారణంగా ఆడనిచ్చేవారే కాదు. ముందు కాలేజీకి అలవాటు పడండి, ఆట తర్వాత అనేవారు.

ముగ్గురి కథ

ఇప్పుడు ముగ్గురి గురించి చెప్తాను. ముగ్గురూ లైన్‌బ్యాకర్లే. ముగ్గురి మొదటి ఏడాదీ వేరు.

మొదటివాడు ల్యూక్ కీక్లీ. సిన్సినాటి నుంచి 2009లో బోస్టన్ కాలేజ్‌లో చేరాడు. హైస్కూల్ ముగిసేనాటికి దేశమంతా మాట్లాడుకున్న పేరేమీ కాదు. ఆ కాలేజీ లైన్‌బ్యాకర్ మార్క్ హెర్జ్‌లిక్ అంతకుముందు ఏడాది వాళ్ల లీగ్‌లోనే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. 2009 మే నెలలో అతనికి ఎముక క్యాన్సర్ అని తేలింది. జట్టులో పెద్ద ఖాళీ ఏర్పడింది. అలాంటి సీజన్‌లో మైదానంలోకి దిగిన కీక్లీ 158 ట్యాకిల్స్ చేశాడు. ఆ ఏడాది దేశం మొత్తంలో అది రెండో స్థానం. హెర్జ్‌లిక్ చికిత్స పూర్తి చేసుకుని 2010లో తిరిగొచ్చాడు. ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. కీక్లీ ఆ తర్వాతి రెండేళ్లూ ట్యాకిల్స్‌లో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాడు.

రెండోవాడు మైకా పార్సన్స్. హారిస్‌బర్గ్ కుర్రాడు. మా అక్కావాళ్ల రాష్ట్రంవాడు కాబట్టి బావగారికి కాస్త అభిమానం ఎక్కువ. కీక్లీలా కాకుండా ఇతను హైస్కూల్లోనే దేశమంతా తెలిసిన పేరు. 2018లో పెన్ స్టేట్ యూనివర్సిటీకి వచ్చాడు. లక్షమందికి పైగా కూర్చునే స్టేడియం వాళ్లది. అయితే హైస్కూల్లో ఇతను ఎక్కువగా ఆడింది ముందు వరసలో. ఇక్కడ లైన్‌బ్యాకర్‌గా కొత్త స్థానం ఇచ్చారు. అంటే స్కూల్లో వచ్చిన పేరుతో పని జరగదు, మళ్లీ అ ఆల నుంచి మొదలు. మిగతా పిల్లలు వేసవిలో వస్తే ఇతను జనవరిలోనే చేరి, వసంతకాలం ప్రాక్టీసులో కూర్చున్నాడు. సీజన్ మొత్తంలో ఆట మొదలయ్యేటప్పుడు మైదానంలో ఉన్నది ఒక్కసారే. మిగతా అన్నిసార్లూ మధ్యలో దిగినవాడే. అయినా సీజన్ ముగిసేసరికి ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ ట్యాకిల్స్, 80కి పైగా, అతనివే. స్టార్టర్ల లిస్టులో పేరు లేదని ఇంట్లో దిగులుపడి ఉంటే అసలు సంగతి వాళ్ల కంట పడేదే కాదు.

మూడోవాడి కథ తల్లిదండ్రులందరికీ చెప్పాలనిపిస్తుంది. పేరు క్లే మాథ్యూస్. తండ్రి పేరూ అదే. ఆ తండ్రి 19 సీజన్లు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడినవాడు. కొడుకు హైస్కూల్లో ఉన్నప్పుడు ఆ జట్టు డిఫెన్స్ కోచ్ కూడా ఆయనే. అయినా కొడుకు ఒళ్లు ఇంకా ఎదగలేదని మొదట్లో స్టార్టర్‌గా దించలేదు. అబ్బాయి స్కాలర్‌షిప్ లేకుండానే సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టులో చేరాడు. మొదటి ఏడాది, 2004లో, ఒక్క ఆట కూడా ఆడలేదు. తర్వాత మూడేళ్లు ఎక్కువగా కిక్‌లు, పంట్‌లు వచ్చినప్పుడు పరిగెత్తే స్పెషల్ టీమ్స్‌లోనే. కుర్చీలో కూర్చోకుండా ఆ చిన్న పనినే బాగా చేశాడు. 2006లో స్కాలర్‌షిప్ వచ్చింది. చివరి ఏడాది 2008లో గానీ పూర్తిస్థాయి స్టార్టర్ కాలేదు. 2009లో గ్రీన్‌బే ప్యాకర్స్ అతన్ని మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. 2011 ఫిబ్రవరిలో ఆ జట్టు సూపర్‌బౌల్ గెలిచినప్పుడు ముఖ్యమైన ఆటగాళ్లలో అతనొకడు.

కోచ్‌లు చూసేదేమిటి?

మొదటి ఏడాది కుర్రాడి అవకాశాల గురించి మాట్లాడేటప్పుడు అక్కడ మూడు విషయాలు చూస్తారు. మొదటిది, అతని ముందు ఎవరున్నారు? కీక్లీకి ఖాళీ దొరికింది, మాథ్యూస్‌కి దొరకలేదు. ఇది పిల్లవాడి చేతిలో లేని సంగతి, కాబట్టి దానికి అతన్ని తిట్టి లాభం లేదు. రెండోది, ఆ జట్టు భాష ఎంత త్వరగా వంటబడుతోంది? కోచ్ ఒక మాట అనగానే ఆలోచించకుండా కాలు కదిలే రోజు రావాలి. అంతవరకు ఎంత వేగం ఉన్నా అరక్షణం వెనకే. మూడోది, ఇచ్చిన చిన్న పని ఎలా చేస్తున్నాడు? స్పెషల్ టీమ్స్‌లో చూపించే శ్రద్ధను చూసే పెద్ద పని ఇస్తారు.

అక్కడి నిబంధన ఒకటి నాకు బాగా నచ్చింది. దాన్ని రెడ్‌షర్ట్ అంటారు. ఆటగాడికి నాలుగు సీజన్లు ఆడటానికి ఐదేళ్లు ఇచ్చారు. ఒక ఏడాది ప్రాక్టీసు చేస్తూ, తింటూ, బలం పెంచుకుంటూ, నేర్చుకుంటూ గడిపితే ఆ ఏడాది లెక్కలోకి రాదు. 2018లో దీనికి ఇంకో వెసులుబాటు చేర్చారు. నాలుగు ఆటల వరకు ఆడినా సరే, ఆ ఏడాది పోయినట్టు కాదు. అంటే ఓడినా ఖాతాలో రాయని నాలుగు ప్రయత్నాలు. కుర్రాడు భయం లేకుండా దిగి తనేమిటో చూసుకోవచ్చు.

మరోవైపు, ఈమధ్య అక్కడ కాలేజీ మారడం తేలికైంది. 2021 నుంచి ఒకసారి మారితే ఏడాది ఆగాల్సిన పని కూడా లేకుండా చేశారు. మొదటి ఏడాది ఆడించలేదని వెళ్లిపోయేవాళ్లు చాలామంది. కొందరికి అది మేలే చేసింది. కానీ మారిన ప్రతిసారీ కొత్త ప్లేబుక్, కొత్త కోచ్, మళ్లీ మొదటి పేజీ అన్నది మర్చిపోకూడదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఇది దెబ్బలు తగిలే ఆట. తలకు తగిలే దెబ్బలు మరీ ప్రమాదం. ప్రొఫెషనల్ ఆటలో అంత గొప్ప పేరు తెచ్చుకున్న కీక్లీ కూడా చాలాసార్లు తలకు దెబ్బలు తిని, 2020 జనవరిలో 28 ఏళ్లకే ఆట మానేశాడు. పిల్లవాడి విజయం లెక్కేసేటప్పుడు వాడి ఆరోగ్యాన్ని ఆ లెక్కలోంచి తీసేయకూడదని నాకు గుర్తుచేసేది ఆయన కథే.

మన తరగతి గదిలో

జూన్‌లో నా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి చేరాడు. ఎనిమిదో తరగతి వరకు వాళ్ల మండలంలోని చిన్న స్కూల్లో చదివాడు. అక్కడ ఎప్పుడూ ఫస్టే. ఇక్కడ ఎఫ్‌ఏ-1లో 40 మందిలో 31వ స్థానం. ఆగస్టు పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్నగారు కార్డు మడిచి జేబులో పెట్టుకుని, "పొలం కౌలు డబ్బులు తెచ్చి కట్టానమ్మా. పాత స్కూలుకే పంపేయమంటారా?" అని అడిగారు. అబ్బాయి పక్కనే తలొంచుకుని నిలబడ్డాడు.

ఆయనకు నేను రెండు విషయాలు చూపించాను. ఒకటి, జూన్ నోట్‌బుక్, ఆగస్టు నోట్‌బుక్ పక్కపక్కన. జూన్‌లో బోర్డు మీదిది చూసి రాయడమే. ఆగస్టుకి సొంతంగా ఐదారు వాక్యాలు. తప్పులున్నాయి, కానీ వాక్యాలు అతనివే. రెండోది, లైబ్రరీ పీరియడ్‌లో పుస్తకాలు సర్దే పని అతనికి ఇస్తే, ఎవరూ చెప్పకుండానే క్లాసులవారీగా లిస్టు రాసి అంటించాడు. "అన్నయ్యగారూ, సంక్రాంతి వరకు సమయమివ్వండి. అప్పటివరకు ఇంట్లో ర్యాంకు మాట ఎత్తకండి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "సరేనమ్మా" అన్నారు.

ఎఫ్‌ఏ-2లో 27వ స్థానం వచ్చింది. పెద్ద గెంతు కాదు. సంక్రాంతికి ఎంత వస్తుందో నేను హామీ ఇవ్వలేను. కానీ పోయినవారం క్లాసులో ఆ అబ్బాయి చెయ్యెత్తి, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి మేడమ్ అని ఇంగ్లిష్‌లోనే అడిగాడు. జూన్‌లో అర్థం కాకపోయినా అర్థమైనట్టు తలూపేవాడు. నా లెక్కలో అతను ఆట భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

మీకు నా విన్నపం

పిల్లలు కొత్త స్కూల్లో, కొత్త సెక్షన్‌లో, రేపు ఇంటర్ కోసం కొత్త ఊళ్లో అడుగుపెట్టినప్పుడు మొదటి నాలుగు పరీక్షల్ని ఆ నాలుగు ఆటల్లాగే చూడండి. మార్కులు చూడండి, కానీ తీర్పు రాయకండి. అక్కబావల పిల్లలతో పోల్చకండి. పిల్లలందరూ కీక్లీలు అవ్వాలని లేదు. మాథ్యూస్‌లా ఐదో ఏడాదికి వచ్చేవాళ్లూ ఉంటారు.

ఈసారి మీటింగ్‌కు వచ్చినప్పుడు "ర్యాంకెంత?" అన్నదానితో పాటు ఈ మూడూ అడగండి. మావాడికి క్లాసులో చెప్పేది అర్థమవుతోందా? అర్థం కానప్పుడు అడుగుతున్నాడా? ఇచ్చిన చిన్న పని ఎలా చేస్తున్నాడు? వీటికి నోట్‌బుక్ తెరిచి జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. చెప్పలేకపోతే నిలదీసే హక్కు మీది.

అలాగే రాత్రి ఎంతసేపు నిద్రపోతున్నాడో, టిఫిన్ బాక్సు ఖాళీగా తిరిగొస్తోందో లేదో మీరు మాకు చెప్పండి. అది మాకు కనిపించదు. డైరీలో ఒక్క ముక్క రాసినా చాలు, మేం చదువుతాం.